సున్నపురాళ్ల అవతలి గడ్డి

యోహానుతో మాట్లాడనని ఒట్టు పెట్టుకుని నాలుగేళ్లయింది. సర్కారు అడవికి చౌకీదారుగా ఉన్న రోజుల్లో అతను నా గొర్రెలను మూడు రోజులు బందెలదొడ్డిలో పెట్టించాడు. తల్లికి దూరమైన పిల్ల ఒకటి పాలు లేక చచ్చింది. తర్వాత కొలువు వదిలి, దొరల మీద తిరగబడ్డ సంఘంలో చేరాడు. చేరితే చేరనీ, నాకు మాత్రం పాత చౌకీదారే.

అలాంటివాడి మాటను మా గుర్వమ్మక్క నమ్మింది. దొర పట్నం పారిపోయాక అతని కంచె, మేపి మేపి బోడైన గడ్డిబీడు, ఊరి చేతికొచ్చింది. దున్ని పంచుదామన్నాడు సంఘం పెద్ద కిష్టయ్య. ఆకలితో ఉన్న ఊరు, అతన్ని తప్పుపట్టలేను. కానీ కంచె పోతే మా అరవై గొర్రెలూ ఆలేరు సంతకు పోవలసిందే.

"గడ్డి ఏర్లు ఇంక బతికే ఉన్నయి," అన్నాడు యోహాను. "సగం కంచె బందువెట్టుండ్రి. దసరాకు మోకాలెత్తు గడ్డి రాకుంటే దున్నుకోండ్రి."

"ఒక్క గొర్రె దాంట్ల మేసినా నాగలి కడత," అన్నాడు కిష్టయ్య. అక్క సరేనని మాటిచ్చింది. మూయాల్సిన సగానికి సున్నం పూసిన రాళ్లు వరసగా పెట్టారు.

మాటిచ్చేటప్పుడు మల్లన్నకు విడిచిన పొట్టేలు సంగతి అక్కకు తట్టలేదు. దానిమీద కర్ర ఎత్తకూడదు, అదిలించకూడదు. ఎక్కడ మేస్తే అక్కడ దండం పెట్టి ఊరుకోవాలి. పైగా అది ఎటు నడిస్తే మంద అటే నడుస్తుంది.

శ్రావణంలో ఒక పొద్దున అది దర్జాగా రాళ్లు దాటింది. మందను కర్రలతో ఆపుతూ మేము కిందామీదా పడుతున్నాం. బాట మీద కిష్టయ్య వస్తున్నాడు. అక్క చేతులు జోడించి, "వెనుకకు రా తండ్రీ," అని పొట్టేలును బతిమాలుతోంది. నాకు ఏడుపొచ్చింది.

యోహాను చెప్పులు విడిచి లోపలికి నడిచాడు. కొట్టలేదు, కసరలేదు. వంగి పొట్టేలును రెండు భుజాల మీదికి ఎత్తుకుని రాళ్లు దాటించాడు. మంద బుద్ధిగా అతని వెనకే పోయింది.

"మేసిందా?" అన్నాడు కిష్టయ్య.

"రెండు కొరుకులు కొరికింది," అంది అక్క. అబద్ధం ఆమెకు చేతకాదు.

కిష్టయ్య పొట్టేలు వైపు చూశాడు. "దేవుని వంతు పోనియ్యి," అని నవ్వాడు.

ఆ రోజు నుంచి పొట్టేలుకు సుఖం అలవాటైంది. రోజూ రాళ్ల దగ్గరికి పోయి, యోహాను వచ్చి ఎత్తుకునేదాకా కదలదు. అతను ఒక్క రోజూ మానలేదు. నేను రోజూ చూసేవాణ్ని, పలకరించేవాణ్ని కాదు.

దసరా నాటికి సంఘం పెద్దలను వెతుకుతూ మిలిటరీ వచ్చింది. కిష్టయ్య అడవి పట్టాడు. పోయేముందు మాత్రం కంచెకు వచ్చి గడ్డిలో నిలబడ్డాడు. మోకాళ్లు కనబడలేదు. "నాగలి వద్దు," అన్నాడు అక్కతో. "రేపు దొర మళ్లొచ్చినా ఈ గడ్డి ఊరిదని నిలవడుండ్రి."

అతను పోయాక యోహాను పొట్టేలు ముందు వంగాడు. లేవబోయి నడుము పట్టుకున్నాడు. గింజలు అంటిన ఉన్నితో పొట్టేలు ఎదురుచూస్తోంది. నేను కర్ర కింద పెట్టాను.

"నువ్వు జరుగన్నా," అన్నాను. "ఇయ్యాల నేనెత్తుకుంట."