మేడమీది పాలకూర

నా పాలకూరకు వంక పెట్టినవాళ్ళు మల్కాజ్‌గిరిలో ఇంతవరకు లేరు. టీచరుగా రిటైరయ్యాక మేడ మీద తొట్లలో పెంచుతున్నాను. ఎరువూ లేదు, మందూ లేదు. చెరువులో పూడిక తీసి కట్ట మీద పోసిన నల్లమట్టిని ఆటోలో తెప్పించాను, అంతే. ఆకులు అరచేయంత!

కింది వాటాలో ఎరిక్, అతని భార్య షెకీనా అద్దెకుంటారు. షెకీనాకు ఆరో నెల. రక్తం తక్కువగా ఉంది, ఆకుకూరలు తినమంది డాక్టరమ్మ. ఇంకేం, రోజూ ఒక కట్ట కోసి ఇచ్చేదాన్ని. "తిన్నవా లేదా?" అని సాయంత్రం గద్దించి అడిగేదాన్ని కూడా.

ఎరిక్ మట్టి, నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పనిచేస్తాడు. పోయిన వారం నా తొట్లు చూసి, మట్టి ఎక్కడిదని అడిగి, కొంచెం డబ్బాలో పట్టుకుపోయాడు. మెచ్చుకోవడానికే అనుకున్నాను, నా పిచ్చిగానీ! ఇవాళ కాగితం పట్టుకుని మేడెక్కాడు.

"ఆంటీ, ఈ మట్టిల సీసం, కాడ్మియం మస్తుగున్నయ్. ఏండ్ల సంది కార్ఖానాల నీళ్లు నాలాలకెల్లి చెరువుల పడుతున్నయ్ గద. నీళ్లు పోయినా విషం అడుగు మట్టిలనే ఉంటది. పురుగులకు, చేపలకు ఎక్కుతది. గిట్ల ఆకులకు సుత ఎక్కుతది."

అప్పుడే కోసిన కట్టను కింద పడేశాను. "మరి షెకీనా?"

"అదే పరేషాన్ ఆంటీ. దానికి చెప్పనీకి ధైర్యం చాలలే."

తినమని ఇచ్చింది నేను, చెప్పాల్సిందీ నేనే. మెట్లు దిగుతుండగానే ఏడుపొచ్చింది. షెకీనా చేతులు పట్టుకుని అంతా చెప్పాను. "నా చేతులు పడిపోను, బిడ్డా!" అన్నాను.

ఆమె తల వంచుకుంది. "ఆంటీ, గుస్సా కావద్దు. నాకు ఆ వాసన పడలే. ఒక్కరోజు సుత తినలే. మీరు తిడ్తరని చెప్పలే."

ఓసి దొంగమొహమా! ఇన్నాళ్ళూ నాకు అబద్ధం చెప్పిందా? ఒక్క క్షణం నిజంగానే ఒళ్ళు మండింది. మరుక్షణం దాన్ని వాటేసుకుని ముద్దులు పెట్టాను. బతికించావే తల్లీ! గుమ్మంలో ఎరిక్ కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"మరి అన్ని కట్టలు ఏం జేసినవే?" అన్నాను.

"పారెయ్యబుద్ధి కాలే ఆంటీ. వెనకింటి పుష్పమ్మ మేకకు ఏస్తుంటి. మంచిగ తింటది." నవ్వుతూనే చెబుతోంది. "ఆమె సుత ఊకుంటదా? కడుపుతోటి ఉన్న పిల్లవని రోజూ పొద్దుగాల ఆ మేక పాలు గ్లాసెడు..."

అక్కడ ఆగిపోయింది. చెయ్యి కడుపు మీదికి పోయింది. బల్ల మీద పొద్దుటి గ్లాసు ఇంకా కడగకుండానే ఉంది.

"పాలల్లకు ఎక్కకపోవచ్చు గూడ," అన్నాడు ఎరిక్. "రక్తపరీక్ష జేస్తే తెలుస్తది."

"మరి నిలబడ్డవేందిరా, ఆటో పిలువు!" అని అరిచాను. షెకీనా చెప్పులు వెతికి నేనే దాని కాళ్ళ ముందు పెట్టాను.

"పుష్పమ్మను ఏమనద్దు ఆంటీ," అంది, వేసుకుంటూ. "పాపం, ప్రేమతోటి ఇచ్చింది."

"నేను సుత అట్లనే ఇస్తిని గద బిడ్డా," అన్నాను.