ఏడో క్యాసెట్

నేను ఒక టీవీ ఆట పెట్టెని. అసలుదాన్ని కాదు, నకలుని. సముద్రం అవతల ఒక కంపెనీవాళ్ళు ఏళ్ళ తరబడి బుర్ర పెట్టి ఒక యంత్రాన్ని తయారుచేస్తే, ఇంకో ఊళ్ళో ఇంకెవరో దాన్ని చూసి నన్నూ నాలాంటివాటినీ వేల కొద్దీ పోత పోసి వదిలారు. నాకు సొంత పేరు లేదు. పిల్లలు వీడియో గేమ్ అన్నారు, పెద్దవాళ్ళు ఆ పెట్టె అన్నారు. బూడిద రంగు ప్లాస్టిక్ ఒళ్ళు, నెత్తిన క్యాసెట్ దూర్చే చీలిక, ముందు వైర్లకు వేలాడే రెండు రిమోట్లు. అందులో ఒక్క రిమోట్‌కే స్టార్ట్ అనే మీట ఉంటుంది. నొక్కితే ఆట మొదలవుతుంది. నడుమ నొక్కితే ఆటా పాటా రెండూ టక్కున ఆగుతాయి. మళ్ళీ నొక్కితే ఆగిన చోటినుంచి సాగుతాయి. ఈ మీట సంగతి గుర్తుంచుకోండి.

మద్రాసు బర్మా బజారులో ఒక బల్ల మీద గడియారాల పక్కన కూర్చుని ఉండగా నన్ను చెంచురామయ్య కొన్నాడు. గూడూరు నుంచి మద్రాసుకు నిమ్మకాయల లారీ తోలే మనిషి. నవ్వుతూ బేరమాడాడు. "మావాడు ఎగిరి గంతేస్తాడు" అని అంగడివాడితో చెప్పాడు. ఖాళీ నిమ్మకాయ గోతాల మధ్య కూర్చుని నేను గూడూరు చేరాను. ఒక బిడ్డను సంతోషపెట్టడానికి పోతున్నాననే అనుకున్నాను. కొత్త వస్తువులకు బుద్ధి తక్కువ.

ఇల్లు చిన్నది. ముందు గది, దాని వెనక వంటిల్లు, మధ్యన తలుపు. నన్ను ముందు గదిలో టీవీ కింద పెట్టారు. తొమ్మిదేళ్ళ శేఖర్ నిజంగానే ఎగిరి గంతేశాడు. వాళ్ళమ్మ పెంచలమ్మ తలుపు దగ్గర నిలబడి చూసింది గాని, ఆమె చూపు నా మీద లేదు. మొగుడి మొహం మీద ఉంది. చెంచురామయ్య నాతోపాటు వచ్చిన విమానాల క్యాసెట్ కొడుకు చేతిలో పెట్టి, టీవీ దగ్గరికి పోయి సౌండు బాగా పెంచాడు.

"ఇట్ట పెట్టుకోని ఆడాల రా శేఖరా, అప్పుడే మజా. నేను పిలిచేదాకా లేవబాక."

తర్వాత వంటింట్లోకి పోయి తలుపు వేశాడు.

నా విమానాలు గుయ్యిమంటూ ఎగిరాయి. బాంబులు పేలాయి. నేను ఎంత గట్టిగా అరవగలనో అంత గట్టిగా అరిచాను. నాకు అదే గొప్పగా అనిపించింది. తలుపు తెరిచాక పెంచలమ్మ చిట్లిన పెదవి చూసి గాని నన్ను ఎందుకు తెచ్చారో నాకు అర్థం కాలేదు.

ఆ తర్వాత క్యాసెట్లు ఒక్కొక్కటే వచ్చాయి. బాతులది, ట్యాంకులది, మంచుకొండ ఎక్కేది, ఇద్దరు సోల్జర్లది. రెండేళ్ళలో పదకొండు. వీధిలో అందరూ చెంచురామయ్యను మెచ్చుకున్నారు. బిడ్డంటే ఎంత ప్రాణమో అన్నారు. నేనొక్కదాన్నే లెక్క వేసుకునేదాన్ని. కోపం ఉన్నట్టుండి వస్తుందని మనుషులు చెప్పుకుంటారు. ఈయన కోపం అలాంటిది కాదు. మద్రాసులో బజారుకు పోయి క్యాసెట్ ఎంచుకునేటప్పటికే ఆ కోపాన్ని జేబులో వేసుకుని ఉండేవాడు. తడ, సూళ్ళూరుపేట, నాయుడుపేట దాటుకుంటూ దాన్ని జాగ్రత్తగా ఇంటికి తెచ్చేవాడు. కూరలో ఉప్పో, పక్కింటివాళ్ళతో మాటో, కారణం ఇంటికొచ్చాక దొరికేది.

శేఖర్‌కు ఒక స్నేహితుడు ఉండేవాడు, మస్తాన్. రెండు వీధుల అవతల గొడుగులు బాగుచేసేవాళ్ళ అబ్బాయి. క్యాసెట్ మొరాయిస్తే దాన్ని నోటి దగ్గర పెట్టుకుని, పిల్లనగ్రోవి ఊదినట్టు ఈ చివరనుంచి ఆ చివరకు ఒక్కసారి ఊదేవాడు. అంతే, ఆడేది. వాడి ఊపిరి నాకు చాలా ఇష్టం.

మోటారు సైకిళ్ళ క్యాసెట్ ఒంటిపూట బళ్ళ రోజుల్లో ఒక ఎండాకాలం మధ్యాహ్నం వచ్చింది. మామూలుగానే సౌండు పెరిగింది, తలుపు పడింది. శేఖర్ ఆడుతున్నాడు. ఆ ఆటలో పాట చాలా జోరుగా ఉంటుంది, బండ్ల మోతతో కలిసి గది అదిరిపోతుంది. అయినా ఒక చప్పుడు ఆ మోతను దాటి వచ్చింది. ఎండు కొమ్మ విరిగినట్టు. వెంటనే ఒక కేక.

శేఖర్ బొటనవేలు స్టార్ట్ మీద పడింది. నేను ఆగిపోయాను. బండ్లు గాల్లో నిలబడిపోయాయి. ఆ నిశ్శబ్దంలో వంటింట్లోంచి వచ్చింది పిల్లవాడు విన్నాడు. నేనూ విన్నాను. వాడు లేచి రెండడుగులు తలుపు వైపు వేశాడు. రిమోట్ వైరు బిగుసుకుంది. అక్కడే నిలబడ్డాడు. తర్వాత వెనక్కి వచ్చి కూర్చుని, స్టార్ట్ నొక్కి, టీవీ సౌండు ఇంకొంచెం పెంచాడు.

ఆ సంగతి ఆ బొటనవేలికీ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియదనుకున్నాను. పాతికేళ్ళ పైన అలాగే అనుకున్నాను.

కుళాయి దగ్గర జారి పడ్డానని పెంచలమ్మ ఆసుపత్రిలో చెప్పిందట. ఎడమచేతికి కట్టుతో ఇంటికొచ్చింది. మూడో రోజు శేఖర్ బడికి పోయాక నా దగ్గరికి వచ్చి, కుడిచేత్తో ఆ క్యాసెట్‌ను పీకి, కొంగు కింద పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం శేఖర్ ఇల్లంతా వెతికాడు. ఆ మూడు రోజుల్లో మా ఇంటికి వచ్చి ఆడిన బయటివాడు మస్తాన్ ఒక్కడే. వీధిలోనే వాడి చొక్కా పట్టుకుని చింపి, దొంగా దొంగా అని అరుస్తూ కొట్టాడు. మస్తాన్ వాళ్ళ నాయన ఏం జరిగిందని అడగకుండానే కొడుకుకు ఇంకో నాలుగు వేశాడు. పెంచలమ్మ వాకిట్లో నిలబడి అంతా చూసింది. నోరు తెరవలేదు. తీశానంటే ఎందుకు తీశావంటారు. దానికి జవాబు చెప్పాలంటే ఆ ఇంటి తలుపు తెరవాలి.

కొన్నాళ్ళకు శేఖర్ పెద్దవాడై నన్ను మరిచిపోయాడు. నేను అటక మీదికి ఎక్కాను.

కిందటేడు చెంచురామయ్య పోయాడు. సంవత్సరీకానికి ఇల్లు దులుపుతూ శేఖర్ నన్ను దించాడు. ఇప్పుడతనికి బట్టతల మొదలైంది, ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పని. నన్ను ఒళ్ళో పెట్టుకుని దుమ్ము తుడుస్తూ కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. వాళ్ళ నాయన గుర్తుగా, ప్రతి ఆదివారం ఒక క్యాసెట్ ఆడి ఫోన్లో వీడియో తీసి నలుగురికీ చూపించాలని అతని కోరిక. అదీ ఎలా పడితే అలా కాదు, ఏ ఆట ఏ సంవత్సరం లోకంలోకి వచ్చిందో ఫోన్లో వెతికి, ఆ వరసలోనే. కాగితం మీద ఒకటినుంచి పదకొండు దాకా రాసి గోడకు అంటించాడు.

"ముందు ట్యాంకులది, మా," అన్నాడు వాళ్ళమ్మతో.

"అదేందిరా? మనింటికి ముందొచ్చింది విమానాలది గదా."

"మనింటికి కాదు మా, ప్రపంచంలోకి."

"ఓహో. మనింటికైతే విమానాలు, బాతులు, మంచుకొండ, ఆ పైన సోల్జర్లు," అంది పెంచలమ్మ, చింతపండు పిసుకుతూ.

"అబ్బా, నీకింత బాగా ఎట్ట గుర్తుండాయి మా! ఒక్కనాడు రిమోట్ ముట్టుకున్న పాపాన పోలా."

"ఉంటాయి లే," అంది.

ఆరు ఆదివారాలు గడిచాయి. ప్రతిసారీ శేఖర్ ఫోనుకు చెప్పేవాడు: మా నాన్న లారీ తోలి అలిసిపోయి వచ్చినా చేతిలో క్యాసెట్ లేకుండా వచ్చేవాడు కాదు, నేనే సౌండు తగ్గిస్తే ఊరుకునేవాడు కాదు, అంత సరదా మనిషి. చూసినవాళ్ళు అలాంటి నాన్న అందరికీ ఉండాలని రాశారు. పెంచలమ్మ ఆ మాటలు వినపడేటప్పుడు వంటింట్లో కుళాయి తిప్పి వదిలేసేది.

గోడ మీది కాగితంలో ఏడోది మోటారు సైకిళ్ళది. ఆ ఆదివారం శేఖర్ ఖాళీ చేతులు చూపించి, ఆ క్యాసెట్‌ను చిన్నప్పుడు మస్తాన్ అనే స్నేహితుడు కొట్టేశాడని, మా నాన్న ప్రేమగా తెచ్చిందని, అది లేక ఈ వరస ఎప్పటికీ పూర్తి కాదని చెప్పాడు. గూడూరులో సెల్‌ఫోన్లు రిపేరు చేసే మస్తాన్ ఎవరో ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు.

మంగళవారం పొద్దున మస్తాన్ వచ్చాడు. చెప్పులు బయట విడిచి, గుమ్మం లోపల నిలబడ్డాడు. కోపంగా మాట్లాడాలని వచ్చినవాడు, పెంచలమ్మను చూసి గొంతు తగ్గించాడు.

"పెద్దమ్మా, నా బిడ్డని బళ్ళో ఏమంటుండారో తెలుసా? దొంగ మస్తాన్ కూతురంట. అప్పుడంటే చిన్నోణ్ణి, తన్నులు తిని ఊరుకున్నా. ఇప్పుడు నేను నలుగురి ఫోన్లు చేతిలో పెట్టుకోని బతికేవాణ్ణి."

"తీశావు గాబట్టే చెప్పినా," అన్నాడు శేఖర్.

"నీయమ్మ తోడు తియ్యలేదు రా."

"మా అమ్మ ఊసెందుకు నీకు?"

"ఉండు శేఖరా," అంది పెంచలమ్మ.

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. పై అరలోంచి ఏదో దించుతున్న చప్పుడు. వచ్చేటప్పుడు చంకలో పాత ఊరగాయ జాడీ ఉంది. దాన్ని నా ముందు పెట్టి మూత తీసింది. లోపల పాత చీర పేలిక, పేలికలో మోటారు సైకిళ్ళ క్యాసెట్. గదంతా మెంతిపిండి వాసన.

"మస్తాన్ తియ్యలా. నేను తీసినా."

మస్తాన్ అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. శేఖర్ ఆమెనూ క్యాసెట్‌నూ మార్చి మార్చి చూశాడు.

"నువ్వా? ఎందుకు మా?"

"పెట్టు. ఆడుతుందేమో చూడు."

శేఖర్ పెట్టాడు. తెర తెల్లగా ఉండిపోయింది. మస్తాన్ లేచి వచ్చి క్యాసెట్ పీకి, చిలుము పట్టిన అంచును జేబులోని రబ్బరుతో రుద్ది, నోటి దగ్గర పెట్టుకుని ఈ చివరనుంచి ఆ చివరకు ఒక్కసారి ఊదాడు. అదే ఊపిరి. క్యాసెట్ నా నెత్తిన దిగింది.

పాట వచ్చింది. ఫోనుకు బాగా వినపడాలని శేఖర్ ఎప్పుడూ సౌండు పెంచే ఉంచుతాడు. బండ్లు మోగాయి, గది అదిరింది. పెంచలమ్మ కుడిచెయ్యి దానంతట అది పోయి ఎడమ మోచేతిని పట్టుకుంది. ఆ మోచెయ్యి పాతికేళ్ళుగా పూర్తిగా చాపలేనిది. మస్తాన్ అది చూశాడు. తల దించుకున్నాడు. శేఖర్ కూడా చూశాడు.

అతని బొటనవేలు స్టార్ట్ మీద పడింది. నేను ఆగిపోయాను. బండ్లు గాల్లో నిలబడ్డాయి. ఈసారి వంటింట్లోంచి ఏ చప్పుడూ రాలేదు.

"ఎందుకాపినావు?" అంది పెంచలమ్మ.

అతను రిమోట్ వంకే చూస్తున్నాడు.

"ఆ పొద్దు గూడా ఆపినానమ్మా."

"తెలుసు."

"నీకెట్ట తెలుసు?"

"పాట ఆగింది గదా. లోపలికి వినపడింది." ఆమె జాడీ అంచును కొంగుతో తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తోంది. "వస్తుండావనుకున్నా."

ఆమె జాడీ తీసుకుని లేచింది. "మస్తాన్ బిడ్డ సంగతి చూడు ముందు," అని లోపలికి పోయింది. శేఖర్ ఆమె వెనకే లేచి తలుపుదాకా నడిచాడు. రిమోట్ వైరు బిగుసుకుంది. చేతిలో అది ఇంకా ఉందని అప్పుడు గమనించి కింద పెట్టాడు. అయినా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

ఆ ఆదివారం శేఖర్ ఒక్క నిమిషం వీడియో పెట్టాడు. ఏడో క్యాసెట్ ఇంట్లోనే దొరికింది, మస్తాన్ దొంగ కాదు, తప్పు నాది. అంతే. నాన్న మాట ఎత్తలేదు. ఎనిమిదోది ఎప్పుడని జనం ఇప్పటికీ అడుగుతున్నారట. పాత ఏడు వీడియోలూ తీసేశాడు.

నన్ను ఒక గుడ్డ సంచిలో వేసి మస్తాన్ అంగడిలో ఇచ్చాడు, పార్టులకు పనికొస్తాయేమోనని. పెంచలమ్మ ఆ జాడీని కడిగి ఎండబెట్టి మళ్ళీ నిమ్మకాయ పెట్టిందనీ, మొదటి సీసా మస్తాన్ ఇంటికి పంపిందనీ, మస్తాన్ ఎవరితోనో ఫోన్లో చెబుతుంటే విన్నాను.

ఇప్పుడు అతని బల్ల కింద, చచ్చిపోయిన ఫోన్లూ ఉబ్బిన బ్యాటరీలూ ఉన్న అట్టపెట్టెలో ఉన్నాను. మొన్న మస్తాన్ నన్ను విప్పి చూశాడు. లోపల చాలా భాగం తుప్పు పట్టింది. స్టార్ట్ మీటను రెండుమూడు సార్లు నొక్కి, "ఇది మాత్రం భలే పనిచేస్తుండాదే," అన్నాడు.

నాకది పొగడ్తగా వినపడలేదు.