ఫ్లెక్సీలో సుక్కమ్మ

పెళ్లికొడుకు చెంప మీద మొటిమ చెరిపేసి, సైదా బ్రష్ సైజు తగ్గించింది. ఇక కనుబొమ మీద గాటు. పక్కనున్న చర్మం రంగు తీసుకుని రెండుసార్లు అద్దింది. గాటు లేదు.

మేడ్చల్ బస్టాండ్ ఎదుట, పట్టాభిరామయ్య స్టూడియోలో ఆమెది కిటికీ పక్క కుర్చీ. ఒకప్పుడు అక్కడే కూర్చుని నెగిటివ్‌ల మీద సన్నటి పెన్సిల్‌తో మచ్చలు పూడ్చేది. ఇప్పుడు చేతిలో మౌస్. మెడ వంగింది, కళ్లద్దాలు మందమయ్యాయి. ఎవరు ఏది తీసేయమంటే అది తీసేసింది. ఎన్నడూ ఎదురు చెప్పలేదు.

గౌడవెల్లి పరమేష్ చెప్పులు విడవకుండానే లోపలికొచ్చాడు.

"అక్కా, పొద్దుగాల అమ్మ పోయింది. మొన్న ఈడ ఫోటో దిగిందంట గదా. ఫ్లెక్సీ గావాలె, జల్దీ. శవాన్ని లేపాలె."

సైదా ఫైలు తెరిచింది. తెర నిండా సుక్కమ్మ. నుదుట ఎర్రటి బొట్టు.

పరమేష్ అదిరిపడ్డాడు. "గిదేంది? బాపు పోయి ఇన్నేండ్లాయె, అమ్మకు బొట్టేంది? ఊరోళ్లు నా మొకాన ఉమ్ముతరు. తీసెయ్యి."

"ఆమెనే పెట్టమన్నది."

ఆస్పత్రి వాళ్లు ఇక లాభం లేదని ఇంటికి పంపిన మర్నాడు, సుక్కమ్మ ఒక్కతే ఆటోలో వచ్చింది. అద్దం ముందు తెల్లజుట్టు దువ్వుకుని, ఆయాసపడుతూనే నవ్వింది. "మొగడు పోయిన్నాడు అందరు గలిసి తుడిచిండ్రు బిడ్డా. నన్నడిగిండ్రా? ఫోటోలనన్న పెట్టు. సిన్నది గాదు, రూపాయి బిళ్లంత!"

పట్టాభిరామయ్య గల్లా దగ్గర నుంచే కేకేశాడు. "సైదా, నిమిషం పని. తీసెయ్."

నిజమే. నుదుటి రంగు తీసుకుని ఒక్కసారి అద్దితే చాలు. సైదా బ్రష్‌ను బొట్టు మీదికి తెచ్చింది. చేతి గాజులు బల్లకు తగిలి గలగలమన్నాయి. తన భర్త పోయిన రోజు ఆడబిడ్డలు గాజులు పగలగొట్టారు. భర్త పోయినామె ఇల్లు కదలకూడని ఇద్దత్ గడువు తీరిన రోజే సంతకు పోయి, తన చేతులకు తానే ఇవి తొడిగించుకుంది.

మౌస్ వదిలేసింది.

"తియ్య సార్."

"మనిషే లేదు. ఇంక ఎవరి కోసం?"

"అందుకే తియ్య. మళ్లొచ్చి కొట్లాడలేదు గదా."

"తీస్తవా, ఇంటికి పోతవా?"

సైదా ప్రింట్ నొక్కింది.

పక్కగదిలో మిషన్ కదిలింది. తెల్లజుట్టు వచ్చింది. బొట్టు వచ్చింది. పరమేష్ పరుగున పోయి స్విచ్ మీద చెయ్యి వేశాడు. అంతలో కళ్లు వచ్చాయి, పెదవులు వచ్చాయి. అతని చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నవ్వుతాంది సార్," అన్నాడు స్విచ్ మీంచి చెయ్యి తీసేస్తూ. "బాపు పోయినంక గిట్ల నవ్వంగ సూడలే. ఉండనియ్యుండ్రి."

పట్టాభిరామయ్య ముఖం కందగడ్డలా అయింది. "సైదా, రేపటి సంది రాకు!"

"రాను సార్. పెండ్లికొడుకు మొకం నిండ ఇంకా మస్తు మొటిమలున్నయి. మీరే తియ్యుండ్రి."

సంచీ భుజాన వేసుకుని సైదా మెట్లు దిగింది. వెనకాలే ఫ్లెక్సీ చుట్టను చంకలో పెట్టుకుని పరమేష్ దిగాడు.

స్టూడియో అద్దం ముందు, ఫోటో దిగేవాళ్ల కోసం దారంతో కట్టిన దువ్వెన. దాని పళ్లలో పొడవాటి తెల్లవెంట్రుక ఒకటి ఫ్యాను గాలికి ఊగుతోంది.