కాజిమిర్ ముందు పళ్ళు

నేను ఒక కట్టుడు పళ్ళ వరసను. పై దవడకు నాలుగే పళ్ళు, వెనక గులాబీ రంగు చిగురు, పట్టు కోసం రెండు తీగలు. 1949లో ఒహాయోలోని ఒక ఉక్కు కార్మికుల ఊళ్ళో పుట్టాను. అంతకు ముందు ఆదివారం అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో ఎవడిదో మోచేయి తగిలి కాజిమిర్ సొంత పళ్ళు నాలుగూ గడ్డిలో రాలిపోయాయి. పళ్ళ డాక్టరు నన్ను బిగించి అద్దం చూపిస్తే, "బుధవారం ప్రాక్టీసుకి వెళ్ళొచ్చా?" అని కాజిమిర్ అడిగాడు. నా గురించి ఒక్క మాట అనలేదు.

అతను జట్టులో లైన్‌మన్. బంతితో పరుగెత్తేవాడికి దారి చేసివ్వడానికి ఎదుటివాళ్ళను ఒంటితో నెట్టేయడమే అతని పని. బంతి అతని చేతికి రాదు. పదకొండేళ్ళలో రేడియోలో అతని పేరు వినిపించింది తప్పు చేసినప్పుడే. ఆటకు ముందు నన్ను తీసి భార్య వాండాకు ఇచ్చేవాడు. ఆమె కోటు జేబులోంచి జనం అరుపులు విన్నానే గాని ఒక్క ఆటా చూడలేదు. ఆట అయ్యాక వాచిన చిగుళ్ళ మీదికి మళ్ళీ ఎక్కేదాన్ని. రక్తం రుచి అలా అలవాటైంది.

ముప్పై నాలుగో ఏట అతని మోకాలు సరిగ్గా వంగడం మానేసింది. ఆ వేసవి శిబిరంలో డెల్మర్ అనే కొత్త ఆటగాణ్ణి కోచ్ తీసుకొచ్చి, "వీడికి పని నేర్పు కాజ్" అన్నాడు. ఎందుకో అందరికీ తెలుసు. కాజిమిర్ మూడు వారాలు నేర్పాడు. ఢీకొనే పని లేదు కనుక నేను నోట్లోనే ఉన్నాను.

"తల దించకు. కళ్ళు వాడి ఛాతీ మీద పెట్టు. ముందు కాలు, తర్వాత చెయ్యి."

అదే మాట వందసార్లు చెప్పాడు. విసుక్కోలేదు.

నాలుగో సోమవారం కోచ్ పిలిచాడు. "నీ చోటు డెల్మర్‌కి ఇస్తున్నాం. ఏమీ అనుకోకు."

"వాడింకా తల దించుతున్నాడు కోచ్. ఇంకో వారం ఉండి చూపిస్తాను."

"అక్కర్లేదులే."

ఇంట్లో వాండా అతని కాలు ఎత్తి కుర్చీ మీద పెట్టి, మోకాలికి ఐసు మూట కట్టింది. "నీ చోటు లాక్కునేవాడికి అంత శ్రద్ధగా ఎందుకు నేర్పావు? సగం నేర్పి వదిలేస్తే ఇంకో ఏడాది ఆడేవాడివి కదా!"

"సగం నేర్పితే వాడి మెడ విరుగుతుంది, వాండా."

ఆమె ఐసు మూట ముడి ఇంకాస్త బిగించింది.

డెల్మర్ తొమ్మిదేళ్ళు ఆడి క్షేమంగా ఇంటికి వెళ్ళాడు. కాజిమిర్ ఉక్కు మిల్లు గేటు దగ్గర కాపలా పనిలో చేరాడు. నా తీగలు వదులయ్యాయి, ఒక పన్ను అంచు విరిగింది. కొత్తవి కట్టించుకోమని వాండా పోరుతుంది. "ఇవి చాల్లే" అంటూ అతను ఆపిల్ పండును కత్తితో పల్చగా కోసుకుంటాడు. కొరికే ఓపిక మా ఇద్దరికీ లేదు.