కొక్కేనికి నీలం గౌను

మతిమరుపు ముదిరిన పెద్దవాళ్ల కోసం తోటలు వేయడం నా పని. ఆ తోటల్లో దారి ఎక్కడా చీలకూడదు, ఎక్కడా ఆగిపోకూడదు. చుట్టూ తిప్పి, బయల్దేరిన తలుపు దగ్గరికే చేర్చాలి. గ్రెనో ఊళ్లోని ఈ వృద్ధాశ్రమం తోటను మరీ ఒళ్లు దగ్గర పెట్టుకుని వేశాను, ఎందుకంటే ఇందులో నడిచేది మా నాన్న టోర్కిల్. ఇంతకుముందు ఉన్నచోటు నుంచి తప్పించుకుని చలిలో రేవుకు పోయాడు. ఇంకోసారి పోతే బతకడని డాక్టరు మొహమ్మీదే చెప్పింది.

రేవులో ఆయన వెతికేది అమ్మను. చలికాలంలో సముద్రంలో మునక వేయడం మా వాళ్లకు అలవాటే. ఒక జనవరిలో అలా దిగిన అమ్మ తిరిగి రాలేదు. నీళ్లలోంచి వచ్చాక కప్పుకునే ఆమె నీలం గౌను మాత్రం, సముద్రంలోకి కట్టిన చెక్క వంతెన మీద కొక్కేనికి మిగిలిపోయింది.

తోటలో ఒక మలుపు దగ్గర పొదలు అడ్డొచ్చి తలుపు కనబడదు. అక్కడ నాన్న తికమకపడకుండా, తెలిసిన వస్తువేదైనా గుర్తుగా పెట్టాలి. ఆ గౌను తెచ్చి గుంజకు ఉన్న కొక్కేనికి తగిలించి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు నేను లేనప్పుడు నాన్న ఆ గౌను ముందుకొచ్చి, అక్కడే పాతుకుపోయాడు.

"రండి టోర్కిల్ గారూ, కాఫీ చల్లారిపోతోంది," అని నర్సు బోడిల్ బతిమాలింది.

"గౌను కొక్కేనికి ఉండగా ఒడ్డు వదిలి పోతారా ఎవరైనా? ఏ ఊరమ్మా నీది?" అని నాన్న కసిరాడు.

నా తెలివి తెల్లారినట్టే ఉంది. గౌను వేలాడుతోందంటే మనిషి ఇంకా నీళ్లలో ఉన్నట్టు. ఆ మనిషి వచ్చేదాకా మిగతావాళ్లు కదలరు. మా రేవులో చిన్నపిల్లలకు కూడా తెలిసిన మర్యాద ఇది.

ఇదంతా బోడిల్ ఫోన్‌లో చెప్పింది. "పెదాలు నీలంగా మారిపోతున్నాయి, మాట వినరు. ముందొచ్చి ఆ గుడ్డ తీసెయ్యండి."

వెళ్లేసరికి తోటంతా పొగమంచు. ఆ వారం చినుకు పడలేదు, అయినా గౌను నీళ్లోడుతోంది. మెడపట్టీ లోపలివైపు మాత్రం వెచ్చగా ఉంది.

"తియ్యకే తల్లీ," నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "అదిగో, ఒడ్డెక్కుతోంది. ఏం కప్పుకుంటుంది పాపం?"

"అక్కడ గులాబీ పొదలు తప్ప ఏం లేవు నాన్నా!"

గౌను లాగి చంకలో కుక్కుకుని, ఆయన్ని చెయ్యి పట్టి నడిపించాను. వెనక తడి పాదాల చప్పుడు. మేం ఆగితే, ఒక అడుగు ఆలస్యంగా అదీ ఆగింది. తిరిగి చూసే ధైర్యం నాకు లేదు.

లోపలికి రాగానే తలుపు దానంతటదే మూసుకుంది. మళ్లీ తెరుచుకుంది. బోడిల్ మీట ఎంత నొక్కినా మూసుకోలేదు.

"ఎదురుగా మనిషుంటే ఇది మూసుకోదు," అంది బోడిల్. ఆ మాట అన్నాక ఆమె వెనక్కి జరిగింది. గడప మీద నీటిమడుగు పెద్దదవుతోంది.

నన్ను గుర్తుపట్టడం ఎప్పుడో మానేసిన నాన్న, పేరుపెట్టి పిలిచాడు. "రాగ్నా, అమ్మ వణికిపోతోంది. చూస్తూ నిలబడ్డావేంటే?"

భయమేసింది. కానీ అమ్మ మీది బెంగ ఆ భయాన్ని మించిపోయింది. గౌను విప్పి, భుజాల దగ్గర పట్టుకుని గుమ్మం ముందు చాచాను. లోపల ఎవరో చెయ్యి దూర్చినట్టు గౌను ఎడమ చెయ్యి నిండింది, తర్వాత కుడిది.

తడి అడుగులు గడప దాటి లోపలికి వచ్చాక, తలుపు మెల్లగా మూసుకుంది.

"ఇప్పుడు పొయ్యండి కాఫీ," అన్నాడు నాన్న.