మిగిలిన యాభై తొమ్మిదేళ్లు

ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, పసుపుపచ్చ కోటు గుండీలు పెట్టుకుంటూనే ఏవ్రిల్ హిండిల్ వంటింటి కిటికీ తెరిచింది. నిన్న రాత్రి కింది కొట్టులోంచి పైకి పట్టిన వేపుడు వాసన పోవడానికి పావుగంట పడుతుంది. ఇల్లు అమ్మకానికి పెట్టిన పద్నాలుగు నెలలుగా పొద్దున్నే ఆమె చేసే మొదటి పని ఇదే.

"నీ వేపుళ్ల కొంప ఇంకా అమ్ముడవలేదా?" అంది అవతలి నుంచి అక్క గ్లెండా. రోజూ ఇదే పలకరింపు.

"ఇవాళ బ్యాంకువాళ్లు చెబుతారట. ఆ నర్సు పిల్లకి లోను వచ్చిందంటే అయిపోయినట్టే."

"నువ్విలా ఇవాళా ఇవాళా అనడం ఇది మూడోసారి." గ్లెండా ఆగింది. మాటకీ మాటకీ మధ్య ఆమె ఛాతీలో సన్నగా ఈల మోగుతుంది. చిన్నప్పుడే నూలు మిల్లులో చేరి, అక్కడి దుమ్ము పీల్చిన ఛాతీ అది. "టీ పాత్ర కొన్నానని చెప్పానా? సరిగ్గా రెండు కప్పులది."

"నాలుగుసార్లు చెప్పావు."

"అయితే ఐదోసారి విను. ఆకుపచ్చది. పెద్దాయన నెలాఖరు దాకా ఆగుతాడట. ఆ తర్వాత ఇంకెవరికైనా ఇచ్చేస్తాడు. సాయంత్రం ఆరింటికి చెయ్యి. మర్చిపోకు, మొద్దూ."

అక్కచెల్లెళ్లిద్దరూ కలిసి ఉండడానికి పెద్దాయన అమ్ముతానన్నది, సముద్రపు ఒడ్డున మోర్‌కాంబ్‌లో మెట్లు లేని నేల అంతస్తు వాటా. రెండు గదులు. వంటింటి కిటికీలోంచి కాస్త వంగి చూస్తే సముద్రం కనబడుతుంది. సగం డబ్బు గ్లెండా దాచుకున్నది. మిగతా సగం ఏవ్రిల్ ఇల్లు అమ్మితే రావాలి. ఇప్పుడు గ్లెండా అదే ఊళ్లో మూడో అంతస్తులో అద్దెకుంటోంది. ఊపిరి చాలక ఆమె మెట్లు దిగి ఏడు వారాలైంది. తానే ఇక్కడికి వచ్చేస్తానని ఒకసారి అంది గానీ, ఇక్కడా ఇరవైమూడు మెట్లున్నాయి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఏవ్రిల్ గోడకు ఆనించిన కర్ర తీసుకుంది. చివర 'ఆగండి' అని రాసిన గుండ్రటి బోర్డు. రెండో చేతిలో తెల్లటి ఎనామిల్ గిన్నె. అది అమ్మ గిన్నె. అంచున అరచేతి వెడల్పున పెచ్చు ఊడింది. మెట్లు దిగి, పక్క తలుపు నెట్టి చేపల వేపుడు కొట్టులోకి వెళ్లింది.

పనికోస్ బంగాళాదుంపల నీళ్లు మారుస్తున్నాడు. ఏవ్రిల్, ఆమె భర్త రోనీ పైన కాపురం పెట్టిన మూడో ఏట, సైప్రస్ నుంచి వచ్చిన తండ్రితో కలిసి అతను ఈ కొట్టులో అడుగుపెట్టాడు. అప్పుడతనికి జుట్టు ఉండేది.

"పొయ్యి ఎన్నింటికి వెలిగించను? ఎవరైనా వస్తున్నారా?"

"ఎవరూ రారు. మామూలుగానే వెలిగించుకో."

ఇల్లు చూడ్డానికి ఎవరైనా వచ్చే రోజున, వాళ్లు వెళ్లిపోయేదాకా పనికోస్ పొయ్యి వెలిగించడు. ఏవ్రిల్ అడగలేదు. మొట్టమొదట వచ్చినాయన పడగ్గదిలో నిలబడి, కళ్లు మూసుకుని, "ఆకలేస్తోంది" అన్నాడు. కిందికి వెళ్లి, చేప తిని, ఇంటికి పోయాడు. ఆ రోజు నుంచి పనికోస్ తనంతట తానే ఈ పద్ధతి పెట్టుకున్నాడు. కొట్టు ముందు జనం నిలబడి తిట్టుకున్నా సరే.

ఏవ్రిల్ గిన్నెను గల్లా పక్కన పెట్టి, పెచ్చు ఊడిన వైపు గోడకు తిప్పింది. సాయంత్రం అందులో మెదిపిన బఠానీలు పోయించుకుని పైకి తీసుకెళ్తుంది. ఫోను గిన్నెలో పెట్టింది. రోడ్డు మీద ఉన్నంతసేపూ ఫోను దగ్గర ఉండకూడదని నియమం.

"బ్యాంకు వాళ్లు చేస్తే ఏం చెప్పను?" అన్నాడు పనికోస్.

"బఠానీలు ఎక్కువ పొయ్యమన్నానని చెప్పు."

బడి పిల్లల్ని రోడ్డు దాటించడం ఆమె ఉద్యోగం. బడి ముందు, రోడ్డు అంచున, పంతొమ్మిదేళ్లుగా అదే రాతిగట్టు. పొద్దున యాభై నిమిషాలు, మధ్యాహ్నం యాభై నిమిషాలు. అంతకు ముందు అదే బడి వంటింట్లో గిన్నెలు కడిగింది. కుడిచెయ్యి చాచి, కర్ర నేలకు తాటించి నడిరోడ్డు మీద నిలబడితే రాళ్ల లారీలైనా ఆగిపోతాయి. పిల్లలు దాటిపోతారు. మళ్లీ బళ్లు కదులుతాయి. ఒకప్పుడు ఈ రోడ్డు దాటిన వాళ్లలో కొందరు ఇప్పుడు తమ పిల్లల్ని దాటించుకుంటున్నారు. వాళ్లలో చాలామందికి ఆమె పేరు తెలియదు.

పన్నెండింటికి నర్సు పిల్ల కేలీ వచ్చింది. ఫోనులో చెప్పడానికి మనసొప్పక, డ్యూటీ మధ్యలో ఆ బట్టలతోనే మెట్లెక్కి వచ్చింది. ఆమె ముఖం చూడగానే ఏవ్రిల్ టీకి నీళ్లు పెట్టింది.

"ఇవ్వరట, మిసెస్ హిండిల్. కింద వేపుడు కొట్టు ఉందని ఒకటి. లీజు అరవై ఏళ్ల లోపు ఉందని రెండోది. ఏదో ఒకటైతే ఆలోచించేవాళ్లమంటున్నారు."

"నువ్వేం చేస్తావమ్మా. చక్కెర ఎన్ని చెంచాలు?"

"రెండు. మీ వంటింట్లో ఎండ నాకెంతో నచ్చింది." ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది. "ఎప్పుడూ ఎవరో చనిపోయే చోటే ఉంటాను కదా. ఇంటికొస్తే ఎండ ఉంటే బాగుణ్ననుకున్నాను."

లీజు తీసుకున్నప్పుడు ఏవ్రిల్‌కి ఇరవై ఎనిమిది. తొంభై తొమ్మిదేళ్లు అని కాగితం మీద చదివి రోనీ పగలబడి నవ్వాడు. "అది పూర్తయ్యేసరికి నీకు నూట ఇరవై ఏడేళ్లే! అప్పుడు ఖాళీ చేద్దాంలే." తాము కొన్నది ఇల్లు కాదని, అందులో తొంభై తొమ్మిదేళ్లు ఉండే హక్కు మాత్రమేనని, ఆ ఏళ్లు తరిగేకొద్దీ ఇల్లూ తరిగిపోతుందని ఇద్దరికీ తోచలేదు. ఇరవై ఏళ్ల క్రితం గడువు పెంచుకోమని స్థలం యజమానుల నుంచి ఉత్తరం వచ్చింది. అప్పుడైతే చవకలో పోయేది. రోనీ దాన్ని గడియారం వెనక పెట్టాడు. రోనీ పోయి పదకొండేళ్లు. గడియారం దింపి తుడిచినప్పుడల్లా ఏవ్రిల్ ఆ ఉత్తరాన్ని మళ్లీ దాని వెనకే పెట్టేది. ఇప్పుడు పెంచుకోవాలంటే వాళ్లడిగే అంత డబ్బు, ఇల్లు అమ్మితే తప్ప రాదు. పెంచుకుంటే తప్ప ఇల్లు అమ్ముడుపోదు.

మధ్యాహ్నం కర్ర పట్టుకుని దిగేసరికి పనికోస్‌కి సంగతి తెలిసిపోయింది. కేలీ కళ్లు చూసి ఉంటాడు.

"ఇల్లు చూసి రాయమని బ్యాంకు పంపిన ఆ సర్వేయరు పెద్ద చేప తిన్నాడు ఏవ్రిల్. వెనిగర్ ఇంకాస్త పొయ్యమని మరీ తిన్నాడు. తిని ఇలా రాస్తాడా?"

"చేప బాగుందని రాయడానికి ఆ ఫారంలో గడి లేదేమో."

"కొట్టు మూసేయమంటావా?" నవ్వుతూనే అన్నాడు గానీ, కళ్లు దించుకున్నాడు.

"మూసేస్తే నాకు బఠానీలు ఎవడు పెడతాడు?" ఫోను గిన్నెలో పెట్టి వెళ్లిపోయింది.

రాతిగట్టు మీద నిలబడి, ఆరింటికి గ్లెండాకి ఏం చెప్పాలో పెదవుల మీదే కూర్చుకుంది. బ్యాంకు ఇంకోసారి చూస్తానంది. లేదు, అలా అంటే ఎప్పుడని అడుగుతుంది. వేరే బ్యాంకు దగ్గరికి వెళ్తోందట ఆ పిల్ల. ఇది నయం. ఈ మాటతో వారం గడుస్తుంది. చెయ్యి చాచి బళ్లను ఆపింది, పిల్లల్ని దాటించింది. తిరిగి గట్టెక్కి ఆ మాటే మళ్లీ అనుకుంది. గొంతు వణక్కుండా వచ్చేదాకా అనుకుంది.

నాలుగుంబావుకి తిరిగొచ్చింది. ఆ వేళకి కొట్టు అద్దాలు ఆవిరి పట్టి ఉండాలి. పట్టలేదు. లోపల దీపం లేదు. వాసన లేదు.

తలుపు నెట్టింది. "ఎవరి కోసమయ్యా పొయ్యి ఆపావు? ఇల్లు చూడ్డానికి ఎవరూ రావట్లేదు."

పనికోస్ ఏప్రన్ విప్పేసి నిలబడి ఉన్నాడు. ఆమె ఫోను అతని రెండు చేతుల్లో ఉంది.

"కూర్చో, ఏవ్రిల్."

"నిలబడే ఉద్యోగం నాది. చెప్పు."

"మూడుసార్లు మోగితే తీశాను. మోర్‌కాంబ్ నుంచి. మీ అక్క కింద వాటా ఆవిడ."

"ఆసుపత్రికి తీసుకెళ్లారా?"

"లేదు తల్లీ. కుర్చీలోనే. మధ్యాహ్నం నిద్రలో."

జనం తమ వంతు కోసం కూర్చునే బల్ల మీద ఏవ్రిల్ కూర్చుంది. కర్ర ఇంకా చేతిలోనే ఉంది. "ఆరింటికి చెయ్యమంది" అంది.

"నా కారులో తీసుకెళ్తాను. పైకెళ్లి స్వెట్టరు తెచ్చుకో."

ఆమె ఇరవైమూడు మెట్లెక్కింది. స్వెట్టరూ, రాత్రికి బట్టలూ సంచీలో పెట్టుకుంది. పొద్దున తెరిచిన వంటింటి కిటికీ ఇంకా తెరిచే ఉంది. దాన్ని మూసింది. కిందికి వచ్చాక కర్రను నడవలో బంగాళాదుంపల బస్తాలకు ఆనించింది.

ఎవరో తలుపు తట్టి, ఈ పూట లేదా అని అద్దంలోంచి చేతులతో అడిగారు. పనికోస్ తల అడ్డంగా ఊపి, తలుపుకున్న అట్టను 'మూసి ఉంది' వైపు తిప్పి, తాళం వేశాడు. కారు కదిలింది.

లోపల బాణలిలో వేపుడు కొవ్వు తెల్లగా గడ్డకట్టి ఉంది. గల్లా పక్కన, పెచ్చు ఊడిన వైపు గోడకు తిరిగి, ఖాళీ గిన్నె.