ఏడో పువ్వు లేని లాన్

మా తమ్ముడు హాల్వర్‌కి అరవై దాటాయి. భార్య పోయి చాలా ఏళ్ళయింది. పక్కింటి సోల్వెయ్ అంటే వాడికి ఇష్టమని స్వీడన్‌లో మా చిన్న ఊరంతటికీ తెలుసు. ఆమెకి మాత్రం తెలియదని వాడి నమ్మకం. చెబుదామంటే నోరు పెగలదు. అందుకని లాన్ మీద పడ్డాడు.

"ముందు లాన్ బాగుపడనీ అక్కా. మిడ్‌సమ్మర్ పండక్కి కాఫీకి పిలిచి, అది చూపించి, అప్పుడు అడుగుతాను," అన్నాడు.

"ఆమె నిన్ను చేసుకోవాలా, నీ గడ్డినా?" అన్నాను. వింటేగా.

వీడి పిచ్చి తగలెయ్య, మంచు కరిగిన దగ్గర్నుంచీ మోకాళ్ళ మీదే ఉన్నాడు. పసుప్పూలు పూసే కలుపు మొక్క డాండెలియన్‌ని సన్నటి ఇనప కడ్డీతో వేరు తెగకుండా లాగేవాడు, తెగితే ఒకటికి రెండు మొలుస్తాయట. గడ్డి మరీ పొట్టిగా కోస్తే కలుపుకి పండగేనని నాలుగు వేళ్ళ ఎత్తు వదిలేవాడు. ఖాళీ పడ్డ చోటల్లా విత్తనాలు చల్లి, పిట్టల్ని అదిలిస్తూ కూర్చునేవాడు. జూన్ వచ్చేసరికి ఆ లాన్‌లో పువ్వన్నది లేదు. దాని మీద చెప్పులతో నడవాలంటే నాకే మొహమాటంగా ఉండేది.

పండగ సాయంత్రం సోల్వెయ్ వచ్చింది. గేటులోంచి కాదు, గౌను ఎత్తిపట్టుకుని కంచె దాటి వచ్చింది. చేతిలో కాసిని పూలు.

"రా, రా. ఎలా ఉంది?" అన్నాడు హాల్వర్ లాన్ వైపు చెయ్యి చాపి.

ఆమె పలకలేదు. ఈ మూల నుంచి ఆ మూల దాకా వంగి వంగి చూసింది.

"ఒక్క కలుపు మొక్క దొరికితే చూపించు," అన్నాడు వీడు రొమ్ము విరుచుకుని.

ఆమె దిగులుగా తల అడ్డంగా ఊపి, మళ్ళీ కంచె దాటి వెళ్ళిపోయింది. కాఫీ అయినా తాగలేదు.

వాడి మొహం మాడిపోయింది. "నచ్చలేదక్కా. ఒక్క మాటైనా అనలేదు. ఇంకేం అడుగుతాను?"

"ఒరేయ్ మొద్దూ, ఇవాళేం పండగరా? ఏడు కంచెలు దాటి, ఏడిళ్ళలో ఏడు రకాల పూలు కోసి తలగడ కింద పెట్టుకుంటే, కాబోయేవాడు కల్లోకొస్తాడని నేను చెయ్యలేదా చిన్నప్పుడు? మధ్యలో నోరు విప్పితే ఫలితం పోతుందని నువ్వే కదా నన్ను గిల్లి మాట్లాడించేవాడివి? ఆమె చేతిలో ఎన్నున్నాయి?"

"ఆరు," అన్నాడు నెమ్మదిగా.

"ఏడోది నీ ఇంట్లో కోసుకుందామని వచ్చింది. నువ్వేమో శుభ్రంగా ఊడ్చిపెట్టావు."

వాడు అక్కడికక్కడే మోకాళ్ళ మీద పడి వెతికాడు. వసంతమంతా పీకి పారేసినవాడు, ఒక్కటంటే ఒక్కటి దొరికితే చాలని గడ్డి పాయలు తీసి మరీ చూశాడు. దొరకలేదు. పని తెలిసిన వెధవ, బాగా చేశాడు. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

మర్నాడు పొద్దున సోల్వెయ్ గేటులోంచే వచ్చి, నిన్నటి కాఫీ ఇవాళ పొయ్యమంది. హాల్వర్ పోశాడుగానీ తల ఎత్తలేదు.

"కల వచ్చిందా?" అని నేనే అడిగాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారేమో. వాడితో అయ్యే పని కాదది.

"ఆరు పూలే కదా, సగం కలే వచ్చింది," అంది సోల్వెయ్ పంచదార కలుపుకుంటూ. "మొహం కనబడలేదు. గడ్డిలో వంగున్న వీపు ఒకటి కనబడింది, అంతే."

ఆ వీపు ఎవరిదో అర్థం కావడానికి మావాడికి కాఫీ చల్లారేంత సేపు పట్టింది. అర్థమయ్యాక చెవుల దాకా ఎర్రబడి, తల ఎత్తాడు.

"మొహం ఇదీ," అన్నాడు. "ఇక్కడే ఉండిపోతావా, నాతో?"

సోల్వెయ్ ఆ మాసిన మొహాన్ని తీరిగ్గా చూసింది.

"గడ్డి మీద పెట్టిన శ్రద్ధలో సగం ఆ గడ్డం మీద పెట్టి రా," అంది. "ఉండిపోతాను."